హోనన్ల ఇంటి మోగే రాయి

క్లూనమోర్ చుట్టుపక్కల ఎవరి వంటింట్లోనైనా గోలీ కింద పెడితే దొర్లకుండా నిలబడిందంటే, ఆ నేల థేడీ మారినన్ వేసిందే అయ్యుంటుంది. యాభై ఐదేళ్ళు నాపరాయి పరిచిన తాపీమేస్త్రీ. చర్చి గడపల్లో, లైట్‌హౌస్ మెట్లలో, దొరల గుర్రపుశాలల్లో, ఎక్కడ చూసినా అతని చేతిపనే. పొగిడితే పొంగిపోయే మనిషి, దాచుకోవడం చేతకాదు. కానీ ఎవరైనా హోనన్ల ఇంటి నేల మాటెత్తి "అద్దంలా వేశావయ్యా" అన్నారో, మొహం గంటుపెట్టుకుని, వాన వస్తుందేమో చూసే నెపంతో బయటికి వెళ్ళిపోయేవాడు. క్లేర్ కౌంటీలో ఆ నెపానికి ఏనాడూ కొరత లేదు.

హోనన్లది సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న మూడు గదుల గడ్డి ఇల్లు. గాలికి కప్పు లేచిపోకుండా చూరు పొడవునా తాళ్ళు బిగించి మేకులకి కట్టేవారు. వీధి వైపు, పై సగం విడిగా తెరుచుకునే సగం తలుపు. వంటింట్లో మనిషి నిలబడగలిగేంత పొయ్యిగూడు, పక్క గోడలో ఉప్పు చెమ్మగిల్లకుండా దాచే చిన్న గూడు. పొయ్యి ముందున్న నాపరాయి మీద ఏ కాలపు పురుగులో పాకిన మెలికల గీతలు ఉండేవి. ఆదివారం పూజ ముగిశాక ఊరంతా ఆ రాయి దగ్గరే చేరి చిందేసి ఆడేది. ఎందుకంటే ఆ రాయి మోగేది. మడమ తాకిస్తే చాలు, కింద ఎవరో డోలు వాయిస్తున్నట్టు ఇల్లంతా పలికేది. దాన్ని మోగించడంలో ఆ ఇంటి పిల్ల డీలియాకి సాటి ఎవరూ లేరు.

1964లో థేడీకి ఇరవై రెండేళ్ళు. పని వెతుక్కుంటూ కిల్‌రష్ పట్నం నుంచి వచ్చాడు. ప్రతి ఆదివారం ఆ సగం తలుపు మీద మోచేతులు ఆనించి డీలియా ఆడుతుంటే చూసేవాడు. నోరు విప్పి ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఆ ఏడు వంటింటి నేల ఒక పక్కకి కుంగితే, సరిచేసి పెట్టమని డీలియా తండ్రి అతన్ని పిలిచాడు. థేడీ కాళ్ళు నేల మీద నిలవలేదు.

పొయ్యి ముందు రాయి ఎత్తేసరికి కింద గుంటలో గుర్రం పుర్రె కనిపించింది. ఆడే రాయి కింద గుర్రం తల పాతితే ఆ బోలుకి రాయి పలుకుతుందని ఆ ఊళ్ళో నడక రాని పసిపిల్లకి కూడా తెలుసు. అందరికీ తెలుసు గనకే ఎవరూ అతనికి చెప్పలేదు. థేడీ పెరిగిన వీధిలో అన్నీ సిమెంటు నేలలే. ఏ కుక్కో లాక్కొచ్చిన ఎముక అనుకుని, చెత్తతోపాటు బండిలో వేసి క్వారీ గోతిలో పారబోయించాడు. గుంటని కంకరతో నింపి, దిమ్మిస కొట్టి, సిమెంటు పోసి, రాయిని చదునుగా పరిచాడు. అంత శ్రద్ధగా జన్మలో ఏ పనీ చెయ్యలేదు. ఆ శ్రద్ధే కొంప ముంచింది.

ఆదివారం డీలియా వచ్చి రాయి మీద మడమ వేసింది. పిండిబస్తా మీద కొట్టినట్టు అయింది. మళ్ళీ వేసింది. ఆట ఆపేసి, నడుం మీద చేతులు పెట్టుకుని తలుపు వైపు చూసింది.

"ఏం మేస్త్రీ, రాయిక్కూడా నీ బుద్ధే అంటించావా? ఉలకదు, పలకదు."

అందరూ నవ్వారు. ఆటకి కాన్సర్టీనా పెట్టె వాయించే ముసలాయన మాత్రం నవ్వకుండా, గుర్రం తల ఏం చేశావని అడిగాడు. థేడీకి అప్పుడు బోధపడింది. కింద ఏమీ లేదు, ఒట్టి మట్టే అన్నాడు. తాతల నాటి పుర్రె మట్టిలో కలిసిపోయింది కాబోలు అనుకున్నారు. కొత్త నేల మళ్ళీ పగలగొట్టనిచ్చేది లేదని డీలియా తండ్రి ఖండితంగా చెప్పేశాడు. ఆటలు చర్చి వెనక కొత్త హాల్లోకి, చెక్కనేల మీదకి మారాయి. అక్కడే క్విల్టీ నుంచి వచ్చిన సానీ టాల్టీ డీలియా చెయ్యి పట్టుకున్నాడు. మరుసటి ఏడు పెళ్ళయింది.

క్విల్టీ ఎంత దూరమని, నాలుగు మైళ్ళు. ఆ నాలుగు మైళ్ళు థేడీ జీవితమంతా నడవలేకపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. సంతలో, చావుల దగ్గర ఎదురుపడితే ఆమె "బాగున్నావా మేస్త్రీ?" అనేది. బాగున్నానని చెప్పేవాడు. ఏం బాగు? ఎవరి వంటింట్లో పనిచేస్తున్నా రాయి మీద సుత్తిపిడితో తట్టి చెవి ఒగ్గేవాడు. ఆ రాయి మళ్ళీ మోగాలి, డీలియా వినాలి, తప్పు నాదేనని ఆమెతో చెప్పాలి. బతుకులో అతనికి మిగిలిన కోరిక అదొక్కటే.

అతని డెబ్బై ఏడో ఏట ఆ కోరిక తీరే దారి కనిపించింది. హోనన్లలో ఆఖరివాడు పోయాక ఇల్లు ఖాళీ పడింది. కౌంటీలో పాత ఇళ్ళ వివరాలు రాసుకునే గ్రాన్యా అనే అమ్మాయి వచ్చి చూరు, సగం తలుపు, ఉప్పు గూడు అన్నీ కొలుచుకుంది. సిమెంటు వల్ల గోడలు చెమ్మ పీలుస్తున్నాయని, నేల తవ్వి సున్నంతో వేయించాలని చెప్పింది. కాగితం చూసుకుంటూ, ఆ నేల వేసినవాడని పిలిపించిన థేడీని, పొయ్యి రాయి కింద ఏమీ లేదని రాసుకోనా అని అడిగింది.

"ఉండేదమ్మా. నేనే పారేశాను," అన్నాడు థేడీ.

ఆ మాట అనడానికి యాభై ఐదేళ్ళు పట్టింది. ఆ పిల్ల రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకుంది.

పక్క పొలంలో మూడేళ్ళ కిందట చచ్చిన గుర్రం పుర్రె దురదగొండి పొదల్లో దొరికింది. మిగతా నేలంతా కూలీలు వేశారు గానీ ఆ ఒక్క గుంట దగ్గరికి థేడీ ఎవర్నీ రానివ్వలేదు. మోకాళ్ళు మొరాయిస్తున్నా తనే వంగి, పుర్రెని గుంటలో కుదురుగా పెట్టి, రాయి అంచులు మాత్రం ఆనేలా చూసుకున్నాడు. మడమతో ఒకసారి తట్టాడు. అల్మరాలో పళ్ళేలు ఘల్లుమన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాడు.

డీలియాకి కబురు పెట్టాడు. సానీ పోయి తొమ్మిదేళ్ళు. కూతురు కారులో దింపింది. సగం తలుపు తీస్తూ ఆ కూతురే చెప్పింది, అమ్మకి ఈ చలికాలం నుంచి బొత్తిగా వినపడటం లేదని, చెవి మిషను కీచుమంటుందని సొరుగులో పడేసిందని.

అయినా థేడీ వెళ్ళి రాయి మీద నిలబడి, జన్మలో నలుగురిలో ఆడనివాడు, మేకుల బూట్లతో తొక్కడం మొదలుపెట్టాడు. ఇల్లంతా పలికింది. డీలియా పళ్ళేల అదురు చూసింది, అతని కాళ్ళు చూసింది. కుర్చీలో కూర్చుని బూట్లు, మేజోళ్ళు విప్పి, వచ్చి రాయి మీద అతని ఎదురుగా ఒట్టికాళ్ళతో నిలబడింది.

ఆమె మొహం మారడం అతను చూశాడు. ఇక ఆగలేకపోయాడు. తొక్కుతూనే అంతా చెప్పేశాడు, పుర్రె పారేసింది తనేనని, అబద్ధమాడింది తనేనని, సగం తలుపు దగ్గర నిలబడింది ఎందుకో కూడా.

డీలియా అతని పెదాలు కదలడం చూసి చెయ్యెత్తింది.

"నోరు ముయ్యి థేడీ," అంది కళ్ళు మూసుకుంటూ. "వింటున్నా."