నీళ్ల బరువు

అమరచింత బస్టాండు దగ్గరి తిమ్మప్ప బ్యాటరీల దుకాణం తెలియని ట్రాక్టరు డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడు. పొద్దున్నే ఆంజనేయస్వామి పటానికి ఊదుబత్తి వెలిగించి గానీ పనికి కూర్చునేవాడు కాదు. పాత బ్యాటరీని సీసం వ్యాపారికి అమ్మేముందు అందులోని యాసిడ్‌ను దుకాణం వెనుక పారబోసి, ఆ తర్వాతే తూకానికి పెట్టేవాడు. నీళ్ల బరువు అమ్ముకుంటే స్వామి మెచ్చడని తండ్రి చెప్పిన మాట.

అంత నీతిగల మనిషికీ ఒక జబ్బుండేది. అది రోడ్డవతల బ్యాటరీల దుకాణమే పెట్టిన యోహాను.

యోహాను బొంబాయికి వలసపోయి, పని నేర్చుకుని తిరిగొచ్చినవాడు. ఆ దుకాణం ముందు జీపు ఆగిందంటే తిమ్మప్పకు అన్నం సయించేది కాదు. యోహాను భార్య శాంతమ్మ ఎండపూట తిమ్మప్పకూ ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి పెట్టేది. ఆమె అటు తిరగగానే ఆయన దాన్ని కుక్కకు పోసేవాడు. ఆ తల్లి అది చూసి కూడా మర్నాడు మళ్లీ తెచ్చేది.

ఊళ్లకు సెల్‌ఫోన్ టవర్లు వచ్చిన రోజులవి. టవర్ల కంపెనీ పాత బ్యాటరీలు సేకరించడానికి ఈ ప్రాంతంలో ఒక్క దుకాణాన్ని పెట్టుకుంటుందని, మనుషులకూ మట్టికీ కీడు లేకుండా వచ్చిన సీసమే కొంటుందని కబురొచ్చింది. దుకాణాలు చూడటానికి కంపెనీ సారు వస్తున్నాడు.

"యోహానుకే ఇస్తరేమో," అంది తిమ్మప్ప భార్య లక్ష్మీదేవమ్మ.

"నీకేం తెల్వదు, ఊకో! వాడు బ్యాటరీలను యాసిడ్‌తోనే మూలకు పడేస్తడు. నీళ్ల బరువు అమ్మే దొంగ. సారు కండ్లతోని చూస్తడు గద!"

ఆ రోజు తిమ్మప్ప ఉన్న బ్యాటరీలన్నీ ఒంపి, కడిగి, దసరాకు పనిముట్లకు పెట్టినట్టు పసుపు కుంకుమ పెట్టి వరుసగా పేర్చాడు. సారు వచ్చి ఒకదాన్ని ఎత్తి చూశాడు.

"ఇందులో యాసిడ్ ఏది?"

"చుక్క లేదు సార్! నా తాన మోసముండదు."

"మరి ఎక్కడ పోశారు?"

తిమ్మప్ప ఛాతీ విరుచుకుని వెనక్కి తీసుకెళ్లాడు. గడ్డి మొలవని నేల. ఆకు లేని వేపచెట్టు. దాని పక్కనే వీధంతా నీళ్లు పట్టుకునే బోరింగు.

సారు బోరింగు వైపు చూశాడు. "మాకు మూత తీయని బ్యాటరీ కావాలి పెద్దాయనా. ఇదంతా ఆ నీళ్లలోకే దిగుతుంది. ఇలా వచ్చిన సీసం మేం ముట్టుకోం," అని రోడ్డు దాటాడు. అక్కడ యోహాను స్టూలు తుడిచి వేయడం, సారు నవ్వడం తిమ్మప్పకు కనబడ్డాయి.

మధ్యాహ్నం శాంతమ్మ మజ్జిగ తెచ్చింది. ఎప్పుడూ పలకరించని తిమ్మప్ప అడిగాడు:

"ఏ నీళ్లమ్మా ఇవి?"

"గా బోరింగువే అన్నా. ఇంకేడికెళ్లి తెస్త?"

ఆయన గ్లాసులోకి చూశాడు. వెనకే యోహాను వచ్చాడు.

"అన్నా, బొంబాయిల సీసం కరగబెట్టే కాడ చేసిన. ఆడ బ్యాటరీలు ఇప్పేటోళ్ల పాట్లు చూసిన. పారబోయకు, నా తాన పెట్టు. కంపెనీ లారీ వస్తే నీవి గూడ ఎక్కిద్దాం."

"నీ దయ నాకేం అక్కెర లేదు పో!"

సాయంత్రం ఎవరో ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి వేసి వెళ్లారు. తిమ్మప్ప అలవాటుగా మూతపై చెయ్యి వేశాడు. బోరింగు దగ్గర బిందె పెట్టి కొడుతున్న భార్య కనబడింది. మూత తీయలేదు. నిండు బ్యాటరీని భుజానికెత్తుకుని, పళ్లు కొరుకుతూ రోడ్డు దాటాడు.

"గిట్లనా పేర్చేది? పెద్ద పనిమంతునివి!" అని యోహానును కసిరి, అతని బ్యాటరీలన్నీ తానే సరిగ్గా పేర్చాడు.

తనదాన్ని మాత్రం దారినపోయేవాళ్లకు కనబడేలా అన్నిటికంటే ముందు పెట్టాడు.