మగ్గాల నడుమ చదివిన కార్డు

కంపౌండర్ రాజయ్య నోరు జారడం వల్లనే బాలవ్వ జబ్బు సంగతి వాడకట్టంతా పాకిందని షోలాపూర్‌లో మా పాత సిబ్బంది ఇప్పటికీ చెప్పుకుంటారు. నా పదవీ విరమణ సభలో ఒకాయన నన్ను పొగడబోయి ఈ కథే ఎత్తుకున్నాడు. దోషిని పట్టించింది నేనేనని కూడా చేర్చాడు. మెడలో దండ ఉండగా కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను. మర్యాద కోసం నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, వాటిలో ఇది చెడ్డది. ఇప్పుడు దండ లేదు కనుక జరిగింది రాస్తాను.

1955 జూన్‌లో నన్ను కుంఠా నాకా దగ్గరి క్షయ డిస్పెన్సరీకి హెల్త్ విజిటర్‌గా వేశారు. అది ఒక ధర్మసంస్థ నడిపిన చిన్న దవాఖానా. పైన డాక్టరు సాహెబు, మరాఠీ మనిషి. ఆయన కింద నేను, నా కింద కంపౌండర్ రాజయ్య. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలంగాణం నుంచి వచ్చి స్థిరపడిన మన నేతవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు. సిబ్బందిలో తెలుగు వచ్చింది నాకూ రాజయ్యకూ మాత్రమే. అతను ఆ వాడలోనే కాపురం ఉండేవాడు. నేను కొంతం చౌక్ నుంచి నడిచి వచ్చేదాన్ని.

హెల్త్ విజిటర్ పని ఏమిటని చాలామంది అడుగుతారు. డాక్టరు జబ్బు తేలుస్తాడు, కంపౌండర్ మందు ఇస్తాడు. ఆ మందు నిజంగా ఒంట్లోకి పోతున్నదా అని చూసేది హెల్త్ విజిటర్. ఆ రోజుల్లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు వారానికి మూడుసార్లు, వాటితోపాటు మాత్రలు, నెలల తరబడి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒంటికి కాస్త కండ పడుతుంది, రోగి రావడం మానేస్తాడు. మానినవాడికి జబ్బు మళ్ళీ తిరగబెడితే ఆ మందు సరిగా పనిచేయకపోవచ్చు. అందుకని వరుసగా మూడు ఇంజెక్షన్లు తప్పినవాళ్ళకు ఒక పోస్టుకార్డు రాయాలని నియమం. కార్డు మీద మరాఠీలో మూడు వాక్యాలు అచ్చువేసి ఉండేవి: మీ తెమడలో క్షయ క్రిములు ఉన్నవి, మందు మానితే మీకూ ఇంటివారికీ ప్రమాదం, ఎనిమిది రోజుల్లో రావలెను. పైన పేరూ చిరునామా నింపి కింద నేను సంతకం చేసేదాన్ని. ఇంగ్లీషులో చేసేదాన్ని, వంకర తిప్పి. బి.ఏ. చదివినదాన్ని కదా.

బాలవ్వకు ఇరవై నాలుగేళ్ళుంటాయి. భర్త ఓదెలు ఒక మాలకు (అక్కడ యజమానిని అలా అంటారు) కార్ఖానాలో చేతిమగ్గం నేసేవాడు. అక్కడి పద్ధతి ప్రకారం సంసారం కూడా కార్ఖానాలోనే, మగ్గాల వెనక తడక కట్టుకుని. పక్కన అత్త. బాలవ్వ బీడీలు చుట్టేది. బీడీల వాళ్ళకు దగ్గు సంగతి తెలిస్తే ఆ ఇంటికి ఆకూ తంబాకూ ఇవ్వడం ఆపేస్తారు. బీడీ నోట్లో పెట్టుకునే వస్తువు మరి. తెమడ పరీక్ష ఫలితం చెప్పిన రోజున ఆమె ఏడవలేదు. నా చెంగు పట్టుకుని, "అక్కా, మా ఆయనకు చెప్పుకుంట. మా అత్తకు, బీడీలోళ్లకు మాత్రం ఎరుక గావద్దు. ఎరుకైతే నా బతుకు బస్" అన్నది. ఈ సంగతి డిస్పెన్సరీ గోడ దాటదని నేను మాట ఇచ్చాను. నడుం నొప్పికి సూది వేయించుకుంటున్నానని అత్తకు చెప్పి వచ్చిపోయేది.

దసరా తరువాత ఆమె రెండు వారాలు రాలేదు. ఇంట్లో చుట్టాలు దిగారట. ఆ తరువాత కూడా ఆమె రాలేదు, ఓదెలు వచ్చాడు. అంగీకి ఇంకా నూలు పీచు అంటుకునే ఉంది. గడప దాటకుండానే అడిగాడు: "నా ఇంటిదాని ముచ్చట వాడకట్టంత ఎట్ల తెలిసింది బాయి? నేను బజారుకు వోయి వచ్చేసరికి అందరి నోట్ల అదే. ఎవలు చెప్పిన్రంటే దవాఖానోళ్లే అంటున్నరు." బీడీల వాళ్ళు ఆకు ఆపేశారని, అత్త ఆమె గిన్నెనూ చాపనూ వెనకనున్న రంగు తొట్ల కొట్టంలో పడేసిందని చెప్పాడు. బాలవ్వ ఇక సూదికి రానంటున్నది. అన్నీ చెప్పి, "మీరు సదువుకున్నోళ్లు గద" అని వెళ్ళిపోయాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

డాక్టరు సాహెబు ఆ సాయంత్రమే మమ్మల్ని కూర్చోబెట్టి విచారించారు. అక్కడ నేను నా తర్కశాస్త్రమంతా ప్రదర్శించాను. డిస్పెన్సరీలో సంగతి తెలిసినది ముగ్గురికి. సాహెబుకు తెలుగు రాదు. నేను చెప్పలేదు. మిగిలింది ఎవరు? వాడలో ఉండేది ఎవరు, సాయంత్రం చాయ్ దుకాణంలో కూర్చునేది ఎవరు? రాజయ్య తల వంచుకుని మందు సీసా మూత తిప్పుతూ ఉన్నాడు. చివరికి, "నేను చెప్పలే బాయి. ఇంతకన్న ఎక్కువ నేనేం చెప్ప" అన్నాడు. అంతకన్న ఎక్కువ చెప్పలేకపోవడమే నేరానికి రుజువని నేను వాదించాను. వారం తిరగకముందే అతన్ని ఊరవతల ఉన్న సంస్థవారి ఇంకొక దవాఖానాకు మార్చారు. అతను రోజూ అక్కడికి సైకిలు మీద ఎదురుగాలిలో పోవాలి.

దోషి దొరికాడు గానీ రోగి దొరకలేదు. అందుకని నేనే కార్ఖానాకు వెళ్ళాను. పన్నెండు మగ్గాలు ఒకేసారి ఆడుతున్నాయి. నేను అడుగుపెట్టగానే ఒక్కొక్కటే ఆగాయి. బాలవ్వ అత్త కండెలు చుడుతున్న రాట్నం ముందునుంచి లేవకుండానే, "ఇంకేం మిగిలిందని వచ్చినవ్ బాయి? డప్పు గొట్టిచ్చుడొక్కటే తక్కువున్నది. అది గూడ కానియ్యి" అన్నది. రాజయ్య చేసినదానికి సంస్థ చింతిస్తున్నదని నేను మొదలుపెట్టాను. ఆమె నన్ను వింతగా చూసింది. "రాజయ్య ఏం జేసిండు? నడుమ రాజయ్య ఎందుకొచ్చిండు?" అని, మల్లేశాన్ని పిలిచింది.

మల్లేశం ఆ కార్ఖానాలో పెద్ద వయసు నేతగాడు. కొంత చదువు వచ్చిన మనిషి. వాడకట్టుకు వచ్చే టపా అంతా మాలకు కేరాఫ్‌గా కార్ఖానాకే చేరుతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ మగ్గాల నడుమ కూర్చుంటే మల్లేశం ఒక్కొక్కటే పైకి చదువుతాడు. మరాఠీ కార్డయితే తెలుగు చేసి చెబుతాడు. ఊరినుంచి వచ్చిన ఉత్తరం ఒక ఇంటిది కాదు అక్కడ, కబురు అందరిదీ. అతను చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ కంఠస్థం.

"బాలవ్వ పేరు మీద కార్డొచ్చింది బాయి. మొదటి మాట మనసుల సదువుకున్న, పైకి చెప్పే ముచ్చట గాదనిపిచ్చింది. ఆపిన. ఆపంగనే ఇగో ఈ ముసలామె శోకం వెట్టింది. ఊర్ల తమ్ముడు సచ్చిండనుకున్నది. ఆమెను జూసి ఆడోళ్లంత మొదలువెట్టిన్రు. ఎవలు సావలే అంటె నమ్ముతలేరు, కార్డు నా చేతులనే ఉండె. ఇగ ఏం జేద్దు, మొత్తం సదివి ఇనిపిచ్చిన."

చదివే మనిషి ఉత్తరం మధ్యలో ఆగితే ఊళ్ళో ఎవరో పోయినట్టని వాళ్ళకు లెక్క. ఆయన దాచబోయి ఆగాడు. ఆగడం వల్లనే దాచలేకపోయాడు.

"కార్డు ఏది?" అన్నాను.

"చింపిన. చెడ్డ కార్డు ఇంట్ల ఉంచుకుంటమా?"

కింద సంతకం ఎవరిదని అడిగాను, తెలిసి కూడా. "ఇంగ్లీసుల ఉండె. నాకు ఇంగ్లీసు రాదు" అన్నాడు మల్లేశం.

ఆ వారం ఇరవై దాకా కార్డులు ఒక్కపూటే కూర్చుని నింపాను. బాలవ్వ పేరు రాసింది నా చెయ్యి. మాట ఇచ్చింది నా నోరు. రెంటికీ నడుమ ఉండవలసిన బుర్ర ఆ పూట ఎక్కడ ఉన్నదో నేను చెప్పలేను.

కొట్టంలోకి పోయి బాలవ్వకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చాప మీద లేచి కూర్చుంది. "నువ్వే రాసినవా? మరి నువ్వే వచ్చి సూది వెయ్యి. నేను ఆ గడప ఎక్క" అన్నది. ఇంజెక్షన్ డిస్పెన్సరీలోనే వేయాలని నియమం. డాక్టరు సాహెబుతో రెండు రోజులు వాదించి, ఇంటి దగ్గర వేయడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. అదే కాగితం మీద, కార్డు రాసింది నేను, రాజయ్య నిర్దోషి అని కూడా రాసి ఇచ్చాను. మొదటిదానికి ఆయన సంతకం చేశారు. రెండోదాని గురించి, బదిలీ శిక్ష కాదనీ, పరిపాలన అనీ, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే సంస్థ పరువు పోతుందనీ అన్నారు. పరువు ఎవరిదని అడిగాను. ఆయన తరువాతి రోగిని పిలిపించారు.

కార్డులు మాత్రం ఆగాయి. వాటి బదులు మూసిన కవర్లు వచ్చాయి. కవరు మీద ఎర్ర సిరాతో క్షయ డిస్పెన్సరీ అని రబ్బరు ముద్ర. చదవడానికి మల్లేశం కూడా అక్కర్లేదు. ఆ ముద్ర తీయించడానికి ఇంకొక నెల పోట్లాడాను. నేను నడిచి పోయినా ముద్రే కదా: నా సంచీ ఏ ఇంటి ముందు దిగితే ఆ ఇల్లు అనుమానం. అందుకని ఒక ఇంట్లో పని ఉంటే ఆ వరుసలోని ఇళ్ళన్నీ ఎక్కడం మొదలుపెట్టాను. పిల్లలకు మశూచి టీకాలు వేయించారా అని ప్రతి గడపలోనూ అడిగేదాన్ని. కాళ్ళు లాగేవి గానీ, రావడం మానిన రోగులు కొందరు మెల్లగా తిరిగి వచ్చారు. బాలవ్వకు ఇదేమీ అక్కరకు రాలేదు. ఆమె సంగతి ఎప్పుడో బజారుకెక్కింది.

మరుసటి ఏడు ఎండాకాలానికి ఆమె తెమడ వరుసగా మూడు పరీక్షల్లో శుభ్రంగా వచ్చింది. కొట్టంలోకి పోయి, గొంతు తగ్గించి ఆ మాట చెప్పాను. అప్పటికి నేను గోప్యానికి పెద్ద పూజారిణిని. బాలవ్వ నవ్వింది, దగ్గు లేకుండా.

"చెడ్డది పన్నెండు మగ్గాలు ఇనంగ చెప్పిస్తివి. మంచిది నా చెవుల ఊదుతవా అక్కా? కార్డు రాయి. కవరు గిట్ల వద్దు, కార్డే రాయి. మల్లేశం తాత సదవాలె."

రోగి వివరాలు బయటపెట్టరాదని నేను ఆమెకే ఉపన్యాసం ఇవ్వబోయాను. "రోగం నాదా నీదా?" అన్నది. వాదనలో నన్ను ఆపినవాళ్ళు నా ఉద్యోగకాలంలో ఎక్కువమంది లేరు.

మంచి వార్తకు మా దగ్గర అచ్చు కార్డు లేదు. ఖాళీ కార్డు తెచ్చి చేత్తో రాశాను, తెలుగులో. సంతకం కూడా తెలుగులోనే. మల్లేశం మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఎక్కడా ఆగకుండా చదివాడట. కార్డు చింపలేదు; ఓదెలు దాన్ని మగ్గం గుంజకు కట్టాడు. బీడీల వాళ్ళు వెంటనే కరగలేదు. ఆకు పంచే మేస్త్రీ ముకద్దమును తీసుకొచ్చి ఆ గుంజ ముందు నిలబెట్టింది అత్తే. వానలు పడేసరికి ఆకు మళ్ళీ ఇచ్చారు.

నేను నేర్చుకున్నది ఇంతే. రోగి సంగతి రోగి ఆస్తి. దాన్ని బయట పెట్టే అధికారం మాకు లేదు. ఆమె బయట పెడతానంటే అడ్డుపడే అధికారమూ లేదు. ఇంకొకటి: దవాఖానాలో నోళ్ళను అనుమానించే ముందు కాగితాలను అనుమానించాలి. నేను తరువాత శిక్షణ ఇచ్చిన ప్రతి విజిటరుకూ, ఆ ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో, ఎవరు చదువుతారో తెలుసుకున్నాకే రాయమని చెప్పాను.

రాజయ్య మా డిస్పెన్సరీకి తిరిగి రాలేదు. ఒక ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. అతను పీట వేసి చాయ్ ఇప్పించి, "పోనియ్యిన్రి బాయి. ఆ దినం మీరు మాట్లాడుతుంటే నడుమ ఎవలు మాట్లాడతరు?" అన్నాడు. నేను నవ్వి వచ్చేశాను. సగం దారిలో ఒకటి తట్టింది. నేను సంతకాలు చేసిన కార్డుల కట్టను రోజూ పోస్టుడబ్బాలో వేసేది రాజయ్య. మరాఠీ చదవగలిగినవాడు, బాలవ్వను ఎరిగినవాడు. విచారణ రోజున నా ఎదురుగా తల వంచుకుని సీసా మూత తిప్పుతున్నప్పుడు, ఆ కార్డు ఆ కట్టలో పోయిందని అతనికి తెలుసా? తెలిస్తే, నా పేరు ఎందుకు చెప్పలేదు?