పద్మ పేరుకు వెళ్లిన మెయిల్

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. రాసింది రాసినట్టు జరుగుతుందనే తప్ప ఇంకో నమ్మకం లేదు.

మాది వనపర్తి. నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు రక్తదాతలను పిలిచే ప్రోగ్రాం రాసిచ్చాను. పేరు కొడితే అడ్రస్ బుక్‌లో వెతికి మెయిల్ పంపుతుంది. ఒకే పేరు ఇద్దరికుంటే ఎవరికని అడుగుతుంది. పేరు లేకపోతే ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఏదో చిన్న మార్పు చేయడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. లింగాల నుంచి వచ్చిన ఒక కూలీ ఆవిడకు కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఓ నెగెటివ్ రక్తం కావాలి. దాతల్లో ఆ గ్రూపు వాళ్లు ఇద్దరే, ఇద్దరూ ఊళ్లో లేరు. భర్త పసిబిడ్డను ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కొత్తగా చేరిన నర్సు మేరీ, గోడకున్న దాతల పాత జాబితాలో ఆ గ్రూపు చూసి 'పద్మ, తిమ్మాజిపేట' అని కొట్టింది.

"ఆమె చనిపోయింది సిస్టర్. పేరు నేనే తీసేశాను. మెయిల్ పోదు" అన్నాను.

"పోయిందన్నా, సూడు!"

చూశాను. ఒక్కరు దొరికారు, పంపడమైంది అని ఉంది. వెంటనే అడ్రస్ బుక్ తెరిచాను. పద్మ లేదు. నేనే మళ్లీ ఆ పేరు కొట్టాను. దొరకలేదంది.

గంట దాటాక ఒకమ్మాయి రొప్పుకుంటూ వచ్చింది. పద్మ చెల్లెలు.

"అక్క ఫోను నా దగ్గరనే ఉంటది సార్. దాంట్ల మెయిల్ వచ్చింది. నాది గూడ అదే గ్రూపు, అందుకే ఉరికొచ్చిన."

ఆమె రక్తమిచ్చింది. సాయంత్రానికి బాలింత కళ్లు తెరిచింది. భర్త ఆ అమ్మాయి ముందు చేతులు జోడించాడు.

వెళ్లబోతూ ఆ అమ్మాయి నా దగ్గర ఆగింది. "మా అక్క పేరు ఇంక తీసెయ్యలేదన్నట్టు. గట్లనే ఉంచుండ్రి సార్, జర."

తీసేసి ఏడు నెలలైందని చెప్పలేదు. సరేనమ్మా అన్నాను.

తర్వాత ఎన్నిసార్లు ఆ ప్రోగ్రాం వరస వరసా చదివానో లెక్కలేదు. తప్పు దొరికితే హాయిగా నిద్రపోయేవాణ్ణి. దొరకలేదు. లేని పేరుకు ఆ అడ్రస్ ఎక్కడి నుంచి వచ్చిందో, రాసిన నాకే తెలియదు.