బరబ్బ పాలు పితకని ఆదివారం

రోమెద్ మొహం చెక్కేటప్పుడు దేవుడు ఏ పరధ్యానంలో ఉన్నాడో గానీ, మా ఊరి నాటక సంఘానికి మాత్రం బందిపోటు బరబ్బ వేషానికి మనిషిని వెతుక్కునే బాధ తప్పిపోయింది. గుబురు కనుబొమలు, చిన్నప్పుడు గుర్రం తన్నితే వంకరపోయిన దవడ, కొట్టం తలుపంత ఛాతీ. ఎదురొస్తే పసిపిల్లలు జడుసుకునేవాళ్ళు. లోపల చూస్తే ఆవు ఈనితే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. ఆ సంగతి భార్య బుర్గికీ, తన ఆవులకీ తప్ప ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడేవాడు.

మా ఊళ్ళో ఆరేళ్ళకోసారి యేసు సిలువ శ్రమల నాటకం ఆడతాం. వెనకటి యుద్ధంలో ఊరు తగలబడకుండా మిగిలినందుకు తాతముత్తాతలు మొక్కుకున్న మొక్కు అది. మొక్కింది వాళ్ళు, గడ్డాలు పెంచుకునేది మేము. ఆటకి ముందు ఏడాది, ఈస్టరు ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం రాగానే ఇక మగవాడన్నవాడు కత్తెర ముట్టడానికి లేదు. వేసవి మొదలుకొని అక్టోబరు దాకా శని, ఆదివారాలు ఆట. ఆ రోజుల్లో ఎవరైనా కొత్తవాళ్ళు మా పోస్టాఫీసుకి వెళ్తే, అపొస్తలులందరూ స్టాంపుల కోసం వరసలో నిలబడి కనిపిస్తారు.

రోమెద్ పడుచువాడిగా ఉన్నప్పటినుంచీ బరబ్బే. అసలు పేరు ఊరు మరిచిపోయింది. "బరబ్బా, నీ ఆవు ఆల్మా మళ్ళీ నా క్యాబేజీ మడిలో పడింది, ఇలాగైతే చెప్పలేదనేవు" అని ఆడవాళ్ళు వీధిలోనే నిలదీసేవాళ్ళు. వేషం చిన్నది. చేతులకి సంకెళ్ళు, నాలుగు అరుపులు. తీర్పు చెప్పే గవర్నరు పిలాతు ముందు యేసు పక్కన నిలబడాలి. యేసుని కాదు, బరబ్బని విడిచిపెట్టమని జనం కేకలేస్తారు, ఈ పాపం నాది కాదని పిలాతు గిన్నెలో చేతులు కడుక్కుంటాడు, సంకెళ్ళు ఊడతాయి. అప్పుడు రోమెద్ పకపకా నవ్వి, ముందు వరసలో ఎవరో పెద్దమనిషి టోపీ లాక్కుని, ప్రేక్షకుల మధ్యనుంచి బయటికి పరిగెత్తాలి. అంత ఏడుపు నాటకంలోనూ జనం నవ్వేది అక్కడొక్కచోటే. టోపీ గుమ్మం దగ్గర వదిలేసి, అదే చింపిరి వేషంతో సైకిలెక్కి ఇంటికి పోయేవాడు. అది పాలు పితికే వేళ. ఆవులకి మొక్కులేమిటి, నాటకాలేమిటి.

అలా ఇన్నేళ్ళలో సిలువ ఘట్టం ఒక్కసారి కూడా చూడని మనిషి ఊరు మొత్తంలో ఇతనొక్కడే. బుర్గి నాటకంలో సిలువ దగ్గర ఏడ్చే యెరూషలేము స్త్రీలలో ఒకతె. నాటకం అయ్యాక, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో ఇంటికొచ్చి పిండి ఉండలు ఉడకేస్తూ దెప్పేది.

"నీ బదులు చచ్చిపోయే మనిషిని ఒక్కసారైనా చూడబుద్ధి కాదటయ్యా నీకు?"

"మూడో రోజుకి లేస్తాడుగా. నేను వెళ్ళకపోతే ఆవులకి పొదుగులు వాస్తాయి. ఎవరు తొందరో నువ్వే చెప్పు."

ఇంతవరకూ అంతా సరదాయే. కిందటి చలికాలంలో రోమెద్ నోరు జారకపోయి ఉంటే సరదాగానే సాగిపోయేది కూడా.

పక్కింటి కాసియన్ ఇళ్ళకి పైకప్పులు వేసేవాడు. రోమెద్ కంటే చిన్నవాడు, నవ్వు ఆపుకోలేని మనిషి. చావింటికి వెళ్ళినా శవం పక్కన కూర్చున్నవాళ్ళని నవ్వించి వచ్చేవాడు. అలాంటివాడికి సంఘం ఈసారి క్రీస్తు వేషం ఇచ్చింది. సిలువ మీద అంతసేపు వేలాడటం ఒక్కరివల్ల అయ్యే పని కాదు కాబట్టి క్రీస్తులు ఇద్దరు. ఒకరోజు బడిపంతులు బెనో, ఒకరోజు కాసియన్. సరిగ్గా ఆ చలికాలమే రెండు ఇళ్ళ మధ్య మేతపొలం కంచె రోమెద్ వైపుకి రెండు బారలు జరిగి ఉంది. రోమెద్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. సత్రంలో ఊరి పెద్దలంతా కూర్చున్న వేళ, అందరికీ వినబడేలా అన్నాడు:

"కంచె జరిపినవాడు సిలువెక్కుతాడట. ఆ మేకులకే సిగ్గేస్తుంది."

సత్రం గొల్లుమంది. కాసియన్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఆ ఒక్కరోజే అతను నవ్వలేదు. గిన్నెలో సూపు పూర్తిచేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్లో మంచు కరిగింది. కరిగాక చూస్తే కంచె గుంజలన్నీ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి. కొండమీదనుంచి జారిన మంచు తోసేసింది. మనిషి చెయ్యి పడనే లేదు. రోమెద్‌కి తల తీసేసినట్టయింది. తెల్లవారుజామున ఒక్కడే వెళ్ళి, గుంజలు పీకి, పాత గుంటల్లోనే మళ్ళీ పాతి వచ్చాడు. నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. సత్రంలో అన్న మాటని సత్రంలోనే వెనక్కి తీసుకోవాలి కదా, దానికి ప్రాణం ఒప్పలేదు. ఆవాళ్టినుంచి కాసియన్ ఆడే రోజుల్లో అతని పక్కన నిలబడాల్సి వస్తే రోమెద్ తన కాళ్ళవంక చూసుకునేవాడు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఈ బరబ్బ సిగ్గుని ఎంత సహజంగా నటించాడో అని మెచ్చుకుని పోయేవాళ్ళు.

ఆట ముగిసే వారం వచ్చింది. శనివారం బెనో వంతు. ఆఖరి ఆదివారం కాసియన్ వంతు. మళ్ళీ ఆరేళ్ళకి కాసియన్ మోకాళ్ళు సిలువ మొయ్యవని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. ఆ ఆదివారం కోసం అతను కప్పులెక్కడం మానేసి, గొంతు పోతుందని చన్నీళ్ళు కూడా మానేశాడు.

శనివారం పొద్దున ఆల్మాకి నొప్పులు మొదలయ్యాయి. రోమెద్ చెయ్యి పెట్టి చూస్తే దూడ తలకి బదులు తోక ముందుకొస్తోంది. పశువుల డాక్టరు పక్క లోయలో ఇంకేదో పనిలో ఇరుక్కుపోయి ఉన్నాడు. వేషం ఎగ్గొట్టడానికి లేదు, ఊరి మొక్కు. సంకెళ్ళు వేయించుకుని తెర వెనక నిలబడ్డాడే గానీ, ప్రాణమంతా కొట్టంలోనే ఉంది. పిలాతు వేషం వేసే రొట్టెల ఉర్బన్‌ని పట్టుకుని బతిమాలాడు.

"కాస్త త్వరగా చేతులు కడుక్కోరా బాబూ. ఆవు ఈనుతోంది."

"ఆరేళ్ళకోసారి దొరుకుతుంది నాకీ గిన్నె" అన్నాడు ఉర్బన్ భుజంమీది వేషపు దుప్పటి సర్దుకుంటూ. "వేలువేలుకీ కడుగుతాను. నీ ఆవునే ఆపుకోమను."

అన్నంత పనీ చేశాడు. రోమెద్ ఆ రోజు నవ్వనూ లేదు, టోపీ లాక్కోనూ లేదు. ఒక చేతికి సంకెల వేలాడుతుండగానే పరిగెత్తి, సైకిలు మీద పడి, చెమటలు కక్కుతూ కొట్టంలోకి దూరాడు.

లోపల గడ్డిమీద క్రీస్తు కూర్చుని ఉన్నాడు.

భుజాల దాకా జుట్టు, జుట్టునిండా గడ్డిపోచలు, మోచేతుల దాకా నెత్తురు. ఒడిలో తల పెట్టుకుని తడిదూడ ఒకటి వణుకుతోంది. ఆల్మా దాన్ని నాకుతూ మధ్యమధ్య అతని చెవిని కూడా నాకుతోంది. కాసియన్ మొహం సున్నంలా తెల్లగా ఉంది.

"ఆడదూడ అన్నా" అన్నాడు. "నన్ను మాత్రం లేపకు. భుజం పోయినట్టుంది. నీ ఆవు కుడివైపు నిలబడితే తన్నుతుందని ఎవరికైనా చెప్పి చావొచ్చుగా."

ఆ సంగతి రోమెద్‌కి తెలుసు. ఎప్పుడూ ఎడమవైపే నిలబడేవాడు.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు.

"అది అరుస్తోంది. నాకు వినబడింది."

మనుషుల డాక్టరొచ్చి భుజం ఎముక విరిగిందని తేల్చి, చేతిని ఛాతీకి బిగించి కట్టేశాడు. రెండు చేతులూ చాపలేనివాడు సిలువెలా ఎక్కుతాడు? ఆఖరి ఆదివారం కూడా బెనోయే ఆడాలని సంఘం చెప్పింది. కాసియన్ తల ఊపి, అయితే రేపు చన్నీళ్ళు తాగొచ్చన్నమాట అన్నాడట.

ఆ సాయంత్రం రోమెద్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. బుర్గి ఏమీ దెప్పలేదు. దెప్పితే బాగుండేదనిపించింది అతనికి. ఆ తన్ను తనకి తగలాల్సింది. నోరు జారింది తను, నిజం తెలిసీ నోరు మూసుకున్నది తను, విరిగింది వాడి భుజం. దీనికి బదులుగా ఏం చెయ్యాలో ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే, ఉన్నవాటిలో పెద్ద చీజు చక్రం చంకన పెట్టుకుని కంచె దాటాడు. కాసియన్ వరండాలో కూర్చుని ఒంటిచేత్తో గుడ్డు ఒలవడానికి తంటాలు పడుతున్నాడు. రోమెద్ చీజు బల్లమీద పెట్టి, గుడ్డు లాక్కుని ఒలిచి పెట్టాడు. దూడని కూడా తీసుకొమ్మన్నాడు. చలికాలమంతా కట్టెలు కొట్టి పెడతానన్నాడు.

"దూడని నేనేం చేసుకోను? కప్పెక్కించనా?" అన్నాడు కాసియన్. "చీజు ఉంచు, తింటాను. భుజానికి బదులని మాత్రం ఇవ్వకు, నాకు అరగదు."

రోమెద్ గుడ్డు పెంకులు ఏరి పక్కన పెట్టాడు. "కంచె మంచు తోసింది. నువ్వు కాదు. నాకు ఏప్రిల్లోనే తెలుసు."

"నాకూ తెలుసు."

"మంచు తోసిందనా?"

"నీకు తెలుసని. నువ్వు తెల్లారగట్ల దొంగలా వచ్చి గుంజలు పాతుతుంటే కిటికీలోంచి చూశాను. మూడో గుంజ వంకరగా పాతావు. ఇప్పటికీ అలాగే ఉంది చూడు."

రోమెద్ వరండా మెట్టుమీద కూర్చున్నాడు. "తెలిసి కూడా వచ్చావా మా కొట్టంలోకి? సిలువకి తగవని నిన్ను నలుగురిలో అన్నానే."

కాసియన్ గుడ్డు కొరికి, నింపాదిగా నమిలాడు. "నువ్వు మంచివాడివయ్యాక వద్దామని కూర్చుంటే ఆవు చచ్చేది అన్నా."

మధ్యాహ్నం ఆఖరి ఆట. నాటకశాల కిక్కిరిసిపోయింది. పిలాతు ఎదుట బెనో ముళ్ళకిరీటంతో, రోమెద్ సంకెళ్ళతో నిలబడ్డారు. జనం కేకలేశారు. భటుడొచ్చి రోమెద్ సంకెళ్ళు ఊడదీశాడు. నవ్వాలి, పరిగెత్తాలి. ముందు వరసలో ఒకాయన టోపీని అప్పుడే రెండు చేతులతో గట్టిగా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు కూడా.

రోమెద్ కదల్లేదు. ఊడిపోయిన సంకెళ్ళవంక చూసుకున్నాడు. తర్వాత ఇన్నేళ్ళలో మొదటిసారి తలెత్తి పక్కనున్నవాడి మొహంలోకి చూశాడు. అది బెనోయే, తన పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పే బెనో. అయినా రోమెద్ చూపు తిప్పుకోలేదు. తను ఏ మంచీ చెయ్యలేదు. క్షమించమని అడగను కూడా అడగలేదు. వీళ్ళు తనని వదిలేస్తున్నారు, ఇతన్ని తీసుకుపోతున్నారు. ఇన్నాళ్ళూ ఇందులో నవ్వడానికి ఏముందనుకున్నాడో అతనికే అర్థం కాలేదు.

"పో బాబాయ్" అని పెదవులు కదపకుండా గొణిగాడు బెనో. "నీ పనైపోయింది."

"ఇవాళ ఆవు ఏమీ ఈనడంలేదా?" అని పళ్ళబిగువున అన్నాడు పిలాతు, తడిచేతులు తుడుచుకుంటూ.

రోమెద్ నెమ్మదిగా మెట్లు దిగాడు. ఎవరి టోపీ ముట్టుకోలేదు. జనం మధ్యనుంచి తలవంచుకుని నడిచాడు. ఒక్కరూ నవ్వలేదు. గుమ్మం పక్క బెంచీ మీద కాసియన్ కట్టుకట్టిన చేత్తో కూర్చుని ఉన్నాడు. సైకిలు బయట గోడకి ఆనించే ఉంది. రోమెద్ దానివంక ఒకసారి చూసి, వెనక్కొచ్చి కాసియన్ పక్కన కూర్చున్నాడు.

సిలువ లేచింది. తాళ్ళు కిర్రుమన్నాయి. స్త్రీలు ఏడ్చారు, వాళ్ళలో అందరికంటే గట్టిగా బుర్గి. పైన బెనో రెండు చేతులూ చాపి వేలాడుతున్నాడు, ఊరందరినీ కౌగలించుకుంటానన్నట్టు. రోమెద్ చూస్తూనే ఉన్నాడు. చూస్తూ చూస్తూ, కొట్టంలో ఎవరూ లేనప్పుడు ఏడ్చినట్టు, వంకరదవడ అదురుతుండగా వెక్కి వెక్కి ఏడ్చేశాడు.

"ఎప్పుడూ ఇంతసేపు వేలాడదీస్తార్రా?" అన్నాడు.

"ఇంకా తక్కువే ఇవాళ. బెనోకి భుజాలు నొప్పెడతాయి." కాసియన్ బాగున్న చేత్తో రుమాలు తీసి ఇచ్చాడు. "నువ్వెందుకు ఏడుస్తావన్నా? నిన్ను వదిలేశారుగా. పో, పాలు పితుక్కో."

"అందుకేరా ఏడుస్తున్నాను" అన్నాడు రోమెద్.

చివరిదాకా లేవలేదు. కొండవాలున ఆల్మా, దానితోపాటు మిగతా ఆవులన్నీ గగ్గోలుపెట్టి అరవడం మా అందరికీ నాటకశాల దాకా వినబడింది. ఆ రోజు అవి బరబ్బ కోసం చాలాసేపే ఎదురుచూశాయి.