ఆధారం దొరకని వాక్యం

జనగామ బట్టల వ్యాపారుల ఇంట పుట్టి, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పురుషోత్తం నాలుగేళ్లుగా యూదుల ధర్మశాస్త్రకారుల మీద పుస్తకం రాస్తున్నాడు. వాచిన మోకాలి కింద దిండు పెట్టుకుని, ఒక్కో వాక్యాన్నీ పెదవులు కదుపుతూ సరిచూసుకుంటాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందట, చెదిరివున్న ధర్మాన్నంతా ఒక్కచోట కూర్చిన మైమోనిడిస్ అంటే ఆయనకు ప్రాణం.

ప్రూఫులు దిద్దడానికి వచ్చిన పాత శిష్యురాలు సంగీత ఒకచోట ఆగింది. "సార్, అలసిన మనిషి తీర్పు చెప్పొద్దని మైమోనిడిస్ అన్నడని రాసిన్రు. గిది ఏ గ్రంథంల ఉన్నది?"

పురుషోత్తం మధ్యాహ్నమంతా పదకొండు నోటుబుక్కులు తిరగేశాడు. వేళ్లకు దుమ్ము అంటింది గానీ ఆ మాట దొరకలేదు.

"పోనీయండి సార్. తన గ్రంథంల ఆధారాలు రాయకపోతినని మైమోనిడిస్ గూడ బాధపడ్డడని మీరే చెప్పిన్రు గద. గిదొక్కటి ఉండనీయండి."

ఆయన కళ్లద్దాలు తీసి, కళ్లు నులుముకున్నాడు. పుస్తకం మొత్తంలో ఆయనకు బాగా నచ్చిన వాక్యం అదే.

"కొట్టెయ్ బిడ్డా," అన్నాడు మెల్లగా. "అది మైమోనిడిస్ మాట కాదు. నాదే అయ్యుంటది."