నెలన్నర వెతికిన ఫోర్కు

సబ్‌సెంటర్‌లో నర్సుగా చేరి పద్దెనిమిదేళ్లయింది. అరకు పక్క కొండల్లో నాకు అప్పగించిన ఊళ్లలో చివరిది, తారురోడ్డు వదిలాక కాఫీ తోటల్లోంచి రాళ్ల బాటన ఏడు కిలోమీటర్లు పైకి. స్కూటీ మొదటి వాగు దగ్గరే చేతులెత్తేస్తుంది. నడిచి వెళితే అక్కడికి చేరేసరికే సగం రోజు గడిచిపోతుంది. అందుకే టూరిస్టులకు సైకిళ్లు అద్దెకిచ్చే ఒకాయన దుకాణం ఎత్తేస్తుంటే, బ్యాటరీతో నడిచే మౌంటెన్ సైకిల్ పాతది ఒకటి కొనుక్కున్నాను. నలభై ఆరేళ్లకి ఈ సర్కస్ ఏమిటని సంతలో నవ్వినవాళ్లు నవ్వారు. టీకాల పెట్టె వెనక కట్టుకుని, బుధవారాలూ శనివారాలూ వాళ్ల ముందు నుంచే వెళ్లేదాన్ని. మొదటి రెండేళ్లూ నాకు గర్వంగా ఉండేది, దాచడం దేనికి.

ఆ సైకిల్‌కి ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు కాళ్ల ఫోర్కు ఉంటుంది. రాయి తగిలితే అది కుంగి, దెబ్బ చేతుల దాకా రాకుండా ఆపుతుంది. మూడో ఏడు వేసవిలో దాని రబ్బరు సీళ్లు చిరిగి నూనె కారడం మొదలైంది. సంత పక్కనున్న స్కూటర్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి.

"ఇదేటమ్మా, షాకబ్జరే కదా. ఆయిలు పోసి సీలేసేత్తాను, బేగి అయిపోద్ది," అన్నాడు.

పోశాడు. కొలతకి మించి, కొసరు వేసి మరీ పోశాడు. "మా మనవరాలికి టీకాలేసిన సేతులమ్మా మీవి, మీకు తక్కువ పోత్తానా," అన్నాడు. సంతలో నాకు వంకాయలు తూచేవాళ్లూ అంతే, నాలుగు కాయలు పైన వేస్తారు. కానీ ఆ ఫోర్కు కాలిలో గాలికి కాస్త చోటుండాలట. నూనెతో గొంతు దాకా నిండిపోయేసరికి పదిరోజుల్లో అది ఇనుప కడ్డీలా బిగుసుకుపోయింది. అంత ప్రేమగా చేసిన మనిషిని ఏమంటాం? ఏమీ అనలేదు. కొత్తది కొందామనుకున్నాను.

కొనడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర గురించే ఇదంతా రాస్తున్నాను.

నాకో జబ్బుంది. చీర దగ్గర్నుంచి చీపురు దాకా, అన్నిట్లోకీ మంచిది ఏదో తేలేదాకా కొనను. గాలితో పనిచేసే ఫోర్కు తేలిక, కానీ మనిషి బరువును బట్టి గాలి కొట్టుకోవాలి, సీలు పోతే మళ్లీ ఆ పెద్దాయనే గతి. స్ప్రింగుది మొండిది, కానీ బరువు. వాగు మీద వేసిన దుంగ దాటించేటప్పుడు సైకిల్‌ని ఎత్తేది నేనే. నూరు మిల్లీమీటర్లు కుంగేదా, నూట ఇరవైయా? ఎక్కువ కుంగేది వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం పైకి లేస్తుందని ఒకరు, లేవదని ఇంకొకరు. ఇవన్నీ పాత రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకునేదాన్ని. హైదరాబాద్‌లో ఒక షాపుకి ఫోన్ చేశాను.

"మేడమ్, మీ రైడింగ్ స్టైల్ ఏంటి? ట్రైలా, డౌన్‌హిల్లా, జంప్సా?" అని అడిగాడు అక్కడి అబ్బాయి.

"టీకాలు," అన్నాను.

అవతల కీబోర్డు టకటకలాడి ఆగింది. తర్వాత, "వీకెండ్ రైడింగ్ అని రాసుకుంటాను మేడమ్," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూ ఇంకో వారం వాయిదా వేశాను. నిదానమే ప్రధానమని మా అమ్మ ఊరికే అనేది కాదనుకున్నాను.

ఈలోపు వానలు పట్టుకున్నాయి. బిగుసుకుపోయిన ఫోర్కుతోనే ఎక్కి దిగుతున్నాను. ప్రతి రాయి దెబ్బా నేరుగా మణికట్టుకే. దిగాక రెండు చేతుల బొటనవేళ్లూ, వాటి పక్క రెండేసి వేళ్లూ తిమ్మిరెక్కేవి. మొదట్లో పావుగంట, తర్వాత పూటంతా. చొక్కా గుండీ పెట్టుకుంటే పట్టిందో లేదో చూస్తేగానీ తెలిసేది కాదు. కొత్త ఫోర్కు వస్తే అదే పోతుందిలే అనుకున్నాను.

ఒక శనివారం పై ఊళ్లో, ఎనిమిదో నెల నడుస్తున్న ఒకామె కడుపు చూశాను. రెండో కాన్పు. బిడ్డ తల కిందకు తిరిగితే పొత్తికడుపు మీద చేతికి కొబ్బరికాయలా గట్టిగా తగులుతుంది. పద్దెనిమిదేళ్లుగా చేతులతో చూస్తున్నదే.

"తల కిందకే ఉన్నాదా నర్సమ్మా?" అని అడిగింది.

నా వేళ్లకు ఏమీ తెలియలేదు. ఎవరో మందపాటి దుప్పటి మీంచి తడుముతున్నట్టుంది. మొదటి కాన్పు సుఖంగా అయింది, ఈ నెలకి చాలామందికి తిరిగే ఉంటుంది, వాన పెరుగుతోంది, వాగు పొంగితే నేను దిగలేను. "ఉంది, భయం లేదు," అన్నాను.

అలా అనకపోతే ఆమె కిందకు దిగి, ఆసుపత్రి పక్కనుండే గర్భిణుల హాస్టల్లో కాన్పు దాకా ఉండేది. నా మాట మీద ఇంట్లోనే ఉండిపోయింది. పన్నెండు రోజులకి నొప్పులొచ్చాయి. బిడ్డ కాళ్లు ముందొచ్చాయి. తల్లిని ఆసుపత్రికి మోసుకొచ్చి బతికించుకున్నారు. ఆడపిల్ల. దక్కలేదు.

నేను వెళ్లేసరికి ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "గుంట పోనాది నర్సమ్మా. కొండ తీసుకుపోనాది. ఏటి సేత్తాం," అంది. నాకు చోడి అంబలి పోసి ఇమ్మని లోపలికి కేకేసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాగి అంబలి తాగాను. నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఇంటికొచ్చి ఫోర్కుకి ఆర్డరు పెట్టాను. స్ప్రింగుది, నూరు మిల్లీమీటర్లది. నెలన్నర తేలనిది ఐదు నిమిషాల్లో తేలిపోయింది. అది వచ్చాక, నూనె జోలికి పోవద్దని చెప్పి, ఆ మెకానిక్ చేతే బిగించుకున్నాను.

కొండవాలున పచ్చటి వలిసె పూలు వాడిపోయే చలి రోజుల్లో, బిడ్డని పోగొట్టుకున్న ఆమే తన తోడికోడల్ని నా ముందు కూర్చోబెట్టింది. ఎనిమిదో నెల. "కిందకి పోదాం రమ్మంతే రాదు. నువ్వు సేత్తో సూసి సెప్పీ, సాలు," అంది. నా మీద ఆమెకు నమ్మకం పిసరంత కూడా తగ్గలేదు. నేను కడుపు మీద చేతులు వేశాను. చాలాసేపు ఉంచాను. ఫోర్కు మారి మూడు నెలలు దాటింది. వేళ్లు మారలేదు.

"నా చేతులకి తెలియడం లేదమ్మా. స్కాన్ తీయించాలి, కిందకి రండి," అన్నాను. అక్కడితో ఆపవచ్చు. ఆపలేకపోయాను. "నీ కడుపు చూసినప్పుడూ నాకు తెలియలేదు. తెలిసిందని చెప్పాను."

ఆమె నా వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. నా రెండు చేతులూ తీసి నా ఒళ్లోనే పెట్టింది, ఎవరి వస్తువు వాళ్లకి ఇచ్చేసినట్టు. తోడికోడల్ని లేవదీసి లోపలికి తీసుకెళ్లి తడిక వేసుకుంది.

మంగళవారం తారురోడ్డు మొదట్లో స్కాన్‌కి తీసుకెళ్లే జీపు ఉంటుందని తడిక బయట నుంచే రెండుసార్లు చెప్పాను.  సైకిల్ తీశాను. ఏడు కిలోమీటర్లూ దిగాను. ఒక్క రాయి కూడా చేతికి తగల్లేదు. ఫోర్కు అంత బాగా పనిచేస్తోందో, నా చేతులకే ఏమీ తెలియడం లేదో, నేను చెప్పలేను.