పెద్దమ్మ పొయ్యిలో నిప్పు

నా చిన్నప్పుడు నా సాయం లేకపోతే దేవుడి పని సాగదని గట్టిగా నమ్మేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. జమ్మలమడుగులో మేం వెళ్లే చర్చిలో, సండేస్కూలుకు ఒక్క కొత్త మనిషిని పిలుచుకొచ్చినా రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవారు. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న యేసయ్య బొమ్మ అది. నా తోటివాళ్లందరి బైబిళ్లలోనూ ఆ కార్డు ఉంది, నా దాంట్లో లేదు. అందుకని ఎంత కుళ్లుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

పక్కింట్లో పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను పెద్దమ్మా అనేదాన్ని. మా అమ్మ తెల్లారకముందే పొలం పనికి వెళ్లిపోతే నాకు రోజూ జడ వేసేది ఆమే. ఆమె జడ వేసిందంటే తలంతా దూది పీచే, బడిలో అందరూ ఏడిపించేవారు. ఒకరోజు ఆమె జడ వేస్తుండగా కార్డు గుర్తొచ్చి, చర్చివాళ్ల కూడికల పందిట్లో విన్న ప్రసంగమంతా ఒక్క ముక్కలో అప్పజెప్పేశాను.

"యేసయ్యను నమ్ముకోకుంటే నువ్వు అగ్గిలో పడి కాల్తావు పెద్దమ్మా. ఆదివారం నాతో రా."

"అట్లనా బిడ్డా," అని రిబ్బను కట్టి పంపేసింది. రోజూ జడ పూర్తయ్యాక వీపు మీద చిన్నగా ఒకటి తట్టేది. ఆరోజు తట్టలేదు.

మా ఇంట్లో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్నది మా జేజి, అంటే నాన్నమ్మ. ఆమె ప్రార్థన ముగిసేసరికి కంచంలో అన్నం చల్లారిపోయేది. అంతటి భక్తురాలు మెచ్చుకుంటుందని, చేసిన ఘనకార్యమంతా చెప్పాను. జేజి మెచ్చుకోలేదు, లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నా చేతికి ఒక పిడక ముక్క ఇచ్చింది. "అగ్గిపెట్టె కనపళ్లే. పెద్దమ్మ కాడికి పోయి అగ్గి అడుక్కోని రా పో," అంది. ఇరుగుపొరుగు పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకోవడం ఆ రోజుల్లో మామూలే. కానీ నేను పోనంటే, అయితే ఈ పూట అందరం పస్తే అంది జేజి.

వెళ్లి పెద్దమ్మ గడప దగ్గర నిలబడ్డాను. ఇంక నాతో మాట్లాడదేమోనని భయమేసింది.

"ఏంది, ఆడనే నిలబడినావు? లోపలికి రా."

"జేజి అగ్గి తెమ్మనింది," అన్నాను. నిన్న అగ్గిలో పడతావన్న నోటితోనే ఈరోజు అగ్గి అడుగుతున్నానని అప్పుడు తట్టింది, సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం ఏమీ గుర్తులేనట్టే పొయ్యిలోంచి ఎర్రటి నిప్పుకణిక ఏరి పిడక మీద పెట్టింది. "నిదానంగా పో బిడ్డా, శానా గాలి వస్తాంది. రవ్వలు లేసి చెయ్యి కాల్తాది," అంటూ తన కొంగు గాలికి అడ్డం పట్టి మా గడప దాకా నా పక్కనే నడిచింది.

సగం దారిలోనే నాకు ఏడుపొచ్చేసింది. "ఇంగ అట్ల అనను పెద్దమ్మా," అన్నాను.

"సరేలే. అన్నం తినేసి రా, జడ ఏస్తా," అని నా వీపు మీద తట్టింది.

వంగి పొయ్యి ఊదుతున్న జేజి నడుము దగ్గర, రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె కనబడింది. ఒళ్లు మండి, పెట్టె నీ దగ్గరే ఉంటే నన్నెందుకు పంపావని అడిగేశాను.

"యేసయ్య గురించి చెప్పొద్దని నేనన్లేదు," అంది జేజి, ఊదడం ఆపకుండా. "ఆ యమ్మ నీకేం ఇస్తాందో ముందు కండ్లు తెరిచి సూడు. ఆనక నోరు తెరువు."

ఆ పూట మా ఇంటి ప్రార్థనలో మొదటి మాట పెద్దమ్మ పొయ్యి గురించే.

ఆ కార్డు నాకు ఎప్పటికీ రాలేదు. పెద్దమ్మ చర్చికీ రాలేదు. ఒకసారి తన మనవడికి జ్వరం తగ్గకపోతే మాత్రం మా జేజి దగ్గరికొచ్చి, "మీ దేవునికీ ఒక మాట చెప్పక్కా," అని పక్కనే కూర్చుంది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో నేనే సండేస్కూలు నడుపుతున్నాను. యేసయ్య గురించి చెప్పకుండా ఉండలేను, అది నా ప్రాణం. అయితే ఏ ఇంటికి వెళ్లినా ముందు ఒక గుక్కెడు మంచినీళ్లో, రెండు రెబ్బల కరివేపాకో అడిగి తీసుకుంటాను. దేవుడి దగ్గరికి దారి ఏదని పిల్లలు అడిగితే వాక్యం తీసి చదివిస్తాను. వాళ్లు చదువుతున్నంతసేపూ, గాలికి కొంగు అడ్డం పట్టి నా చెయ్యి కాలకుండా పక్కనే నడిచిన పెద్దమ్మే నా కళ్ల ముందుంటుంది.